హన్మకొండ నుంచి బొగత దాకా: ఏ నీళ్లలో దిగొచ్చు, ఏ నీళ్లు గట్టు మీద నిలబడి చూడాలి

హన్మకొండలో పొద్దున ఆరింటికి బండి తీసి, రాత్రి భోజనానికల్లా ఇల్లు చేరగలిగే దారుల్లో 163వ నంబరు జాతీయ రహదారిని మించింది ఉత్తర తెలంగాణలో ఇంకోటి లేదు. కాకతీయుల చెరువులు, రామప్ప గుడి, తాడ్వాయి అడవి, గోదావరి, ఆఖరికి బొగత జలపాతం. అన్నీ ఈ రోడ్డు మీదో, రోడ్డు నుంచి కాస్త పక్కకో ఉంటాయి. ఐదుకు నాలుగున్నర ఇవ్వొచ్చు. తగ్గించిన ఆ అర మార్కు దారి తప్పు కాదు, ఆదివారం జనం తప్పు.

ఈ దారి గురించి ఫొటోలు బోలెడు దొరుకుతాయి. ఈత సంగతి మాత్రం ఎవరూ తేల్చి చెప్పరు. కటాక్షపూర్ చెరువు, రామప్ప చెరువు, లక్నవరం, జంపన్న వాగు, గోదావరి, బొగత అని ఆరు చోట్ల నీళ్లు ఊరిస్తాయి. వాటిలో ఒళ్లు తడుపుకోదగ్గవి ఒకటిన్నర. ఒకటి బొగత, అదీ ఏడాదిలో రెండు మూడు నెలలు. సగం జంపన్న వాగు. మిగతా నాలుగూ గట్టు మీద నిలబడి చూసి రావాల్సినవే.

ముందు వరస సంగతి. అందరూ దగ్గరివి ముందు చూస్తారు. పదింటికి రామప్ప, ఒంటి గంటకు లక్నవరం, తిని తేరుకుని బొగత చేరేసరికి సాయంత్రం నాలుగు. అప్పటికి నీళ్ల దగ్గర జనం, పార్కింగ్‌లో జనం, గేటు మూసే తొందర. తడి బట్టలతో అడవి దారిలో రాత్రి ప్రయాణం అదనం. దీన్ని తిరగేయండి. ఎక్కడా ఆగకుండా నేరుగా బొగతకు వెళ్లండి. హన్మకొండ నుంచి సుమారు 140 కిలోమీటర్లు, టీ తాగడానికి ఒకచోట ఆగినా మూడు, మూడున్నర గంటలు. తొమ్మిదిన్నరకు నీళ్లలో ఉంటే పన్నెండుకు బయటపడొచ్చు. ఏటూరునాగారంలో భోజనం, రెండున్నరకు లక్నవరం, నాలుగున్నరకు రామప్ప. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే లక్నవరం, రామప్పల్లో ఒకటే పెట్టుకోండి, అదీ రామప్పే అయితే మేలు. రెండూ తీరిగ్గా కావాలంటే పర్యాటక శాఖ హరిత బసల్లో ఒక రాత్రి ఉండాలి. శని, ఆదివారాలకు గది ముందే బుక్ చేసుకోకపోతే దొరకడం కష్టం.

రోడ్డు మొత్తమ్మీద బాగుంటుంది, వానాకాలంలో మూడు చోట్ల మాత్రం లెక్క వేరు. ఆత్మకూరు దాటాక కటాక్షపూర్ చెరువు నిండి మత్తడి (అలుగు) దూకితే ఆ నీళ్లు రోడ్డు మీదుగానే పోతాయి. పోలీసులు బండ్లు ఆపేస్తారు, ఒక్కోసారి గంటల తరబడి. పస్రా, తాడ్వాయి మధ్య అడవిలో జలగలంచ వాగు ఇలాంటిదే. మూడోది వాజేడు దాటాక ఛత్తీస్‌గఢ్ వైపు టేకులగూడెం దగ్గర గోదావరి పోటెత్తినప్పుడు మునిగే రోడ్డు, అది బొగత దాకా వెళ్లేవాళ్లకు అడ్డం రాదు. పోయేటప్పుడు దారి తెరిచి ఉందంటే వచ్చేటప్పుడూ ఉంటుందని కాదు. పైన చెరువులు నిండి ఉంటే రెండు గంటల వాన చాలు. రోడ్డు మీద పారే నీళ్లు మోకాలి కిందికే ఉన్నా కారు దించొద్దు. కింద తారు ఉందో కొట్టుకుపోయిందో పైనుంచి కనపడదు. ఉన్నా, ఆ లోతుకే చిన్న కారు చక్రాలు పట్టు వదిలేస్తాయి.

పెట్రోలు ములుగులో నింపుకోండి. నగదు కూడా అక్కడే తీసుకోండి, ఎందుకంటే అడవిలో సిగ్నల్ లేనిచోట ఫోన్‌తో డబ్బు కట్టడం కుదరదు, టికెట్టుకూ పార్కింగ్‌కూ చిల్లర కావాలి. ములుగు దగ్గర గట్టమ్మ గుడి ముందు బండ్లు ఆగి ఉంటాయి, మేడారం పోయేవాళ్లు అక్కడ కొబ్బరికాయ కొట్టిగానీ ముందుకు కదలరు. ఆ మలుపులో వేగం తగ్గించండి. పస్రా నుంచి ఏటూరునాగారం దాకా అభయారణ్యం. కోతులు రోడ్డు మీదే కూర్చుంటాయి, పశువులు మందలుగా దాటుతాయి, గోదావరి నుంచి వచ్చే ఇసుక లారీలు మలుపుల్లో సగం రోడ్డు ఆక్రమిస్తాయి. కోతులకు తిండి వేయొద్దు. అవి రోడ్డు మీదికి రావడం మరిగిందే అలా వేసినవాళ్ల వల్ల. 2024 ఆగస్టు 31న వచ్చిన సుడిగాలికి తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వేల చెట్లు వేళ్లతో సహా కూలిపోయాయి. గాలివాన పడే సూచన కనిపిస్తే చెట్ల కింద బండి ఆపుకుని కూర్చోవడం ఇక్కడ తెలివైన పని కాదు, ఊరు చేరేదాకా నెమ్మదిగా నడపడమే నయం.

ఏటూరునాగారం దాటాక ముళ్లకట్ట దగ్గర గోదావరి మీది పెద్ద వంతెన ఎక్కుతారు. ఈ వంతెన పడక ముందు వరంగల్ వాళ్లు కారులో బొగత చూడాలంటే భద్రాచలం మీదుగా చుట్టూ తిరిగి రావాలి. బొగతకు ఇంత జనం రావడం వంతెన తర్వాతి సంగతే. వంతెన మీద బండి ఆపి సెల్ఫీలు దిగేవాళ్లు ఉంటారు, లారీలు వాళ్లను తప్పించుకుంటూ పోతుంటాయి. మీరు ఆపకండి. కింద ఇసుక తిన్నెలు చూసి దిగాలనిపిస్తుంది. ఆ ఇసుకే మోసం. పాయ ప్రతి వరదకూ చోటు మారుతుంది, ఇసుక తీసిన గుంతలు నీళ్ల కింద అలాగే ఉంటాయి. మోకాలి లోతులో నడుస్తున్న మనిషి తర్వాతి అడుగులో తలమునకలవుతాడు. గుంత అంచున ఇసుక జారుతూనే ఉంటుంది కాబట్టి కాలు నిలదొక్కుకోవడం కుదరదు. ఈత వచ్చినవాళ్లు కూడా ఇక్కడ పోతున్నది అందుకే.

ఇక బొగత. వాజేడు మండలంలో చీకుపల్లి వాగు మీద ఉన్న జలపాతం. ఎత్తు చూసి వెళ్తే నిరాశే, ఆదిలాబాద్ వైపు కుంటాల దీనికంటే ఎంతో ఎత్తు. బొగత అందం వెడల్పులో ఉంది. వాగు మొత్తం ఒక్క బండ అంచు మీదుగా తెరలు తెరలుగా కింది మడుగులోకి దూకుతుంది. తెలంగాణ నయాగరా అన్న పేరు అందుకే తగిలించారు. పేరు కాస్త ఎక్కువే, ఆగస్టులో చూసినవాళ్లు మాత్రం పెద్దగా గొడవ పెట్టుకోరు. అటవీ శాఖ నిర్వహణ. గేటు దగ్గర మనిషికి, బండికి వేరువేరుగా టికెట్టు. లోపల నడక కొద్దిగానే, పెద్దవాళ్లకూ కష్టం కాదు.

ఎప్పుడు వెళ్లాలన్నది అక్కడ ఏం చేయాలనుకుంటున్నారన్న దాని మీద ఉంటుంది. చూడ్డానికైతే జూలై రెండో సగం, ఆగస్టు. నీళ్లు టీ రంగులో ఉంటాయి, చప్పుడు పార్కింగ్ దాకా వినిపిస్తుంది, ఆ రోజుల్లో మడుగులో దిగనివ్వరు. దిగనివ్వకపోవడం మీద సిబ్బందితో గొడవ పడేవాళ్లను చూస్తే జాలి వేస్తుంది. స్నానానికైతే సెప్టెంబరు చివరి నుంచి నవంబరు. మట్టి కిందికి దిగి నీళ్లు తేటపడతాయి, ధార సన్నబడుతుంది, ఎండ కూడా హాయిగా ఉంటుంది. డిసెంబరు దాటితే నీళ్లు తగ్గుతూ పోతాయి, వేసవిలో బండలే మిగులుతాయి. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలకు సెలవులని ఇంత దూరం రావద్దు.

స్నానానికి సందర్శకుల కోసం విడిగా కట్టిన కొలను ఉంది, చిన్నపిల్లలకు అదే సరైన చోటు. వాగులో అయితే ధార పడేచోటుకు దూరంగా, కాళ్లకు అడుగు తగిలే అంచున, సిబ్బంది చూపించిన చోట మాత్రమే దిగాలి. ధార కిందికి వెళ్లి తల పెట్టాలన్న సరదా దాదాపు అందరికీ పుడుతుంది. అక్కడ జరిగేది ఇది. పైనుంచి పడిన నీళ్లు అడుగుకు వెళ్లి, ముందుకు పొంగి, మళ్లీ వెనక్కి ధార వైపే తిరుగుతాయి. ఆ సుడిలో పడిన మనిషిని నీళ్లు ధార కిందికే లాక్కెళ్తాయి. పైగా ఆ చోట తెల్లగా నురగ కనిపిస్తుందే, అది సగం గాలి. గాలి కలిసిన నీళ్లు మనిషిని తేలనివ్వవు, చేతులెంత ఆడించినా పట్టు దొరకదు. అడుగున బండలు ఏళ్ల తరబడి తొలుచుకుపోయి లోపలికి గుహల్లా ఉంటాయి, కాలు ఇరుక్కునేది అక్కడే. ఎంత ఈతగాడైనా ఈ మూడింటి ముందు చేసేదేమీ లేదు.

రెండో ప్రమాదం పైనుంచి వస్తుంది. ఈ వాగుకు నీళ్లు ఛత్తీస్‌గఢ్ వైపు గుట్టల నుంచి దిగుతాయి. బొగత దగ్గర నిర్మలంగా ఎండ కాస్తుంటే పైన గుట్టల్లో కుండపోత కురుస్తుండొచ్చు. అందుకే దిగేముందు గట్టు పక్క ఒక రాయిని గుర్తు పెట్టుకోండి, నీళ్లు దాని మీద ఎక్కడిదాకా ఉన్నాయో చూసుకోండి. పది నిమిషాలకోసారి అటు చూపు వేయండి. నాలుగు వేళ్లంత పెరిగినా, తేటగా ఉన్న నీళ్లు ఉన్నట్టుండి మట్టిరంగు తిరిగినా, పుల్లలూ ఎండాకులూ గుంపుగా కొట్టుకొచ్చినా, చప్పుడు బరువెక్కినా, ఫోను, చెప్పులు, కూరగిన్నె దేని గురించీ ఆలోచించకుండా గట్టెక్కాలి. అదీ బండి ఉన్న వైపు గట్టు. తొందరలో అవతలి గట్టెక్కితే వాగు తగ్గేదాకా అక్కడే.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2023 జూలై చివరి వారంలో వెంకటాపురం మండలంలోని ముత్యంధార జలపాతం చూసి తిరిగొస్తూ ఎనభై మంది దాకా అడవిలో వాగు దాటలేక చిక్కుకుపోయారు, జాతీయ విపత్తు దళం వచ్చి రాత్రి బయటికి తెచ్చింది. అదే వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ముత్యంధార ఎత్తులో బొగత కంటే చాలా గొప్పది, ఒప్పుకోవాల్సిందే. కానీ దారి అడవిలో నడక, మధ్యలో వాగులు. అటవీ శాఖ అనుమతి లేకుండా, వానాకాలంలో, ఈ ఒక్కరోజు ప్రయాణంలో దాన్ని కలపొద్దు.

వెంట ఏం ఉండాలంటే: వెనక పట్టీ ఉన్న రబ్బరు అడుగు చెప్పులు. హవాయి చెప్పులు మొదటి నిమిషంలోనే కొట్టుకుపోతాయి, ఉత్త కాళ్లతో దిగితే పాచి జారుడు ఒకటి, పగిలిన సీసా పెంకులు ఇంకొకటి. పాచి పట్టిన బండ నల్లగా మెరుస్తుంది, పొడి బండ బూడిద రంగులో ఉంటుంది, బూడిద రంగు మీదే అడుగు వేయండి. చీర, చున్నీ, లంగా నీళ్లలో బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. పంజాబీ డ్రెస్ అయినా పొట్టి చేతులది, చున్నీ లేకుండా. గాలి ట్యూబులు వాగుకు పనికిరావు, ప్రవాహం ట్యూబునూ అందులోని పిల్లనూ కలిపే లాక్కెళ్తుంది. లైఫ్ జాకెట్ ఉంటే తొడగండి, నడుం దగ్గర పట్టీలు బిగించండి, వదులుగా ఉంటే నీళ్లలో అది తల మీదుగా జారిపోతుంది. పదిహేను మీటర్ల నైలాన్ తాడు బండిలో ఉంచుకుంటే మంచిది. ఎవరైనా మునుగుతుంటే వెంట దూకకండి, తాడు విసరండి, అది లేకపోతే చీరో దుప్పటో విసరండి. ఒకరిని తీయబోయి ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. అత్యవసరానికి 112. సిగ్నల్ లేకపోతే గేటు దగ్గరి సిబ్బంది దగ్గరికి పరుగెత్తడమే.

కల్లు సంగతి కూడా చెప్పాలి. దారి పొడుగునా తాటిచెట్లు, కిందే కుండలు. తాగాలనుకుంటే నీళ్లలోంచి బయటికొచ్చాక, అదీ బండి నడపని మనిషి. తాగి దిగినవాడికి చలీ తెలియదు, లోతూ తెలియదు.

వసతుల మాటకొస్తే, బట్టలు మార్చుకునే ఏర్పాట్లు మామూలు రోజున సరిపోతాయి, ఆదివారం చాలవు. ఆడవాళ్లున్న జట్టు ఒక పాత దుప్పటీ, నాలుగు క్లిప్పులూ తెచ్చుకుంటే కారు తలుపులకు కట్టి పని కానివ్వొచ్చు. తిండి ఇంటి నుంచి తెచ్చుకోవడమే ఉత్తమం. పులిహోర, సర్వపిండి మధ్యాహ్నం దాకా నిలుస్తాయి, చేతికి అంటుకోవు. స్నానానికి గంట ముందే తినడం ఆపండి, నిండు కడుపుతో దిగితే ఆయాసం. ప్లాస్టిక్ కవర్లు చేతిలో వేలాడేస్తే కోతులు వదలవు, సంచి జిప్పు పెట్టి ఉంచండి.

వెనక్కి వచ్చేటప్పుడు తాడ్వాయి దగ్గర మేడారానికి దారి చీలుతుంది. సుమారు 14 కిలోమీటర్లు. జంపన్న వాగును సగం అన్నది ఎందుకంటే ఇక్కడ స్నానం ఈత కాదు, మొక్కు. సమ్మక్క కొడుకు జంపన్న కాకతీయ సేనతో పోరాడి, ఓడి, ఈ వాగులోనే దూకాడని నమ్మకం. భక్తులు తానమాడి సమ్మక్క, సారలమ్మల గద్దెల దగ్గరికి పోతారు. మాఘమాసంలో, నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నప్పుడు, మెట్ల దగ్గర కూర్చుని నాలుగు చెంబులు పోసుకోవడానికి బాగుంటుంది. వానాకాలంలో దీని దగ్గరికే పోవద్దు, 2023 జూలైలో ఇదే వాగు దిగువన ఉన్న కొండాయి ఊరిని ముంచి మనుషుల్ని తీసుకుపోయింది. జాతర రెండేళ్లకోసారి, 2024లో అయింది, 2026లో వచ్చింది. జాతర నెలలో బొగత ప్రయాణం పెట్టుకుంటే రోజంతా బండ్ల వరుసలోనే గడుస్తుంది.

లక్నవరానికి చల్వాయి దగ్గర రహదారి వదిలి పక్క దారి పట్టాలి. గుట్టల మధ్య కాకతీయుల కాలం చెరువు, మధ్యలో దిబ్బలు, వాటిని కలిపే వేలాడే వంతెనలు. సాయంత్రం ఐదు తర్వాత వంతెన మీద వెలుగు బాగుంటుంది, కానీ ఫొటోల్లో కనిపించే ప్రశాంతత కావాలంటే వారం మధ్యలో రావాలి. ఆదివారం ఆ వంతెన ఊగడం గాలికి కాదు, జనానికి. పడవ షికారు చేయండి, జాకెట్ వేసుకుని. చెరువులో మాత్రం దిగొద్దు. మునిగిన చెట్ల మోళ్లు నీళ్ల కింద నిలబడే ఉన్నాయి, దిబ్బ అంచు నుంచి రెండడుగుల్లోనే లోతు పడిపోతుంది, అడుగున బురద మోకాలి దాకా దిగబడుతుంది. ఏ చెరువుకైనా వర్తించే మాట ఇంకోటి: తూము దగ్గరా, మత్తడి దగ్గరా ఈదకూడదు. తూము తెరిచి ఉంటే పైన నీళ్లు కదలనట్టే ఉంటాయి, కింద లాగుతుంటాయి. రామప్ప చెరువుకూ ఇదే. ఇవి పొలాలకు నీళ్లిచ్చే చెరువులు, ఎప్పుడు తూము ఎత్తుతారో గట్టు మీది మనిషికి తెలియదు.

రామప్ప గుడికి జంగాలపల్లి దగ్గర తిరగాలి. పాలంపేటలో ఉంది, గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు, 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. బొగతలో అలసి వచ్చినవాళ్లకు ఇక్కడ ఓ గంట చాలనిపిస్తుంది, కానీ గైడును పెట్టుకుంటే గంటన్నర పడుతుంది. పెట్టుకోండి. మధ్యాహ్నం రావద్దని చెప్పడానికి కారణం పాదాలు. చెప్పులు బయటే విడవాలి, ఎండలో నేల రాళ్లు కాలుతాయి. నాలుగున్నరకు అవి చల్లబడతాయి, ఎర్రటి ఇసుకరాయి గోడలు పడమటి ఎండకు రంగు తేలతాయి. లోపలికి తొందరపడకుండా ముందు గుడి చుట్టూ ఒకసారి తిరగండి. కప్పు అంచున నిలబెట్టిన నల్లరాతి మదనికల్లో ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులుంటాయి, గైడ్లు దాన్ని తప్పక చూపిస్తారు. అంతకంటే గొప్పవి మండపం స్తంభాల మీది సన్నని బెజ్జాలు, దారం దూరేంత. గట్టి నల్లరాయిలో అలాంటి పని. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ల మీద తేలేంత తేలిక, పునాది కింద ఇసుక నింపి దాని మీద గుడి నిలబెట్టారు. భూకంపాలకూ బరువుకూ కొన్నిచోట్ల నేల వంగింది, గుడి మాత్రం నిలబడింది. నందిని ఎదురుగా కాకుండా పక్కనుంచి చూడండి, లేవబోతున్నట్టు ఉంటుంది.

సమయం మిగిలితే అక్కడికి దగ్గర్లోనే గణపురం కోటగుళ్లు. శిథిలాలు ఎక్కువ, జనం తక్కువ. చీకటి పడుతుంటే వదిలేయండి.

సొంత బండి లేనివాళ్లకు హన్మకొండ బస్టాండ్ నుంచి ములుగు, ఏటూరునాగారం బస్సులున్నాయి. ఏటూరునాగారం నుంచి బొగతకు ఆటో మాట్లాడుకోవాలి, రానుపోను కలిపి, అక్కడ ఆగే గంటలు కూడా ముందే చెప్పి. వెళ్లడానికి మాత్రమే మాట్లాడుకుంటే తిరుగు ఆటో దొరకదు. రామప్ప, లక్నవరం రెండూ రహదారి నుంచి లోపలికి ఉన్నాయి కాబట్టి బస్సు మీద ఒక్క రోజులో మూడూ కావు. నలుగురు కలిసి హన్మకొండలోనే కారు మాట్లాడుకుంటే తలా ఒక్కరికి పడే ఖర్చుకూ బస్సు, ఆటో ఖర్చుకూ పెద్ద తేడా ఉండదు. డ్రైవర్‌తో బేరం కిలోమీటర్ల లెక్కన కాకుండా రోజు లెక్కన కుదుర్చుకోండి, పక్క దారులు, వెయిటింగ్ అన్నీ అందులోనే అని ముందే తేల్చండి. తిరుగు ప్రయాణంలో ములుగు, హన్మకొండ మధ్య రాత్రిపూట లైట్లు లేని ట్రాక్టర్లు ఎక్కువ. ఆ యాభై కిలోమీటర్లూ అరవై దాటకుండా నడపమనండి.